మేకలు మేసిన మిద్దె

నా సర్వీసులో నేను దగ్గరుండి కట్టించిన ఇళ్లలో కొన్ని నేల మీద నిలబడ్డాయి, కొన్ని కాగితాల మీదే నిలబడ్డాయి. మేకలు మేసిన ఇల్లు మాత్రం ఒక్కటే. గోడకు పాకిన తీగనో, వాకిట్లో మొక్కనో మేయడం కాదు. మిద్దె ఎక్కి, నింపాదిగా, ఇంటి కప్పునే మేశాయి. ఆ ఇంటికే అవార్డు వచ్చింది.

ఇళ్లు కట్టించే శాఖలో కొత్తగా చేరిన మీరు మాట్లాడుకుంటుంటే వింటున్నాను. నోరు తెరిస్తే సుస్థిరత, మూసేలోపు ప్రకృతితో సామరస్యం. బాగుంది. మేము చేరిన రోజుల్లో సిమెంటు, ఇసుక, కంకర అనేవాళ్లం. మా మాటలకు దుమ్ము అంటుకుని ఉండేది. అందుకే ఈ సంగతి మీకు చెప్పాలనిపించింది. సలహా అనుకోకండి. రిటైరైన వాళ్ల సలహాలకు ఎంత విలువ ఇవ్వాలో ఉద్యోగంలో ఉన్నప్పుడు నాకూ బాగా తెలుసు.

అప్పుడు నాకు ఆలూరులో పోస్టింగు. రిటైర్మెంటు దగ్గరపడిన వాళ్లను సొంతింటికి దగ్గరగా వేస్తారని మా శాఖలో ఒక నమ్మకం ఉండేది. మా ఇల్లు కర్నూలులో. మ్యాపు మీద వేలు పెట్టి చూస్తే ఆలూరు పక్కనే ఉంటుంది. బస్సులో కూర్చుని చూస్తే ఆ నమ్మకం పోతుంది.

ఒకరోజు కర్నూలు నుంచి మా పెద్దసారు ఫోను చేశారు.

"మేడమ్, మీ మండలంలో ఒక మట్టి మిద్దె చూడండి. పాతదై ఉండాలి, కానీ ఫోటోలో బాగుండాలి. పేదవాళ్లదై ఉండాలి, కానీ గోడ మీద పిడకలు ఉండకూడదు."

ప్రకృతికి దగ్గరగా బతకడం ఎలాగో జనానికి చూపించే నమూనా ఇల్లట. రాజధాని నుంచి డబ్బు వస్తోంది, డబ్బు వెనకాలే ఒక పెద్దమనిషి వచ్చి ప్రారంభిస్తారు.

వెతకగా ఆలూరు దగ్గరి పల్లెలో ఒక ఇల్లు దొరికింది. పరుపులు, బొంతలు కుట్టుకు బతికే దూదేకుల దంపతులది. ఆయన ఆదోని నుంచి దూది తెచ్చి ముందు గదిలో మూటలు మూటలుగా పేర్చుకుంటాడు. ఎండాకాలమంతా ఇద్దరూ కూర్చుని కుడతారు, చలి మొదలయ్యేసరికి ఊరూరా తిరిగి అమ్ముతారు. వాళ్ల ఏడాది తిండి మొత్తం ఆ ముందు గదిలోనే ఉంటుంది.

మట్టి మిద్దె ఎరగని వాళ్ల కోసం ఒక్క నిమిషం. మందపాటి మట్టి గోడలు. వాటి మీద దూలాలు, దూలాల మీద దంతెలనే సన్న కర్రలు, ఆ పైన నాపబండలు, బండల మీద మట్టి. అన్నిటికన్నా పైన చౌడు. వెలుతురు కోసం నడిమధ్య ఒక రంధ్రం వదులుతారు, దాన్ని గవాక్షి అంటారు. చౌడు అంటే పొలంలో ఏ పంటనూ రానివ్వని ఉప్పు మన్ను, గడ్డిపరక కూడా మొలవదు. మిద్దెకు కావాల్సింది సరిగ్గా అదే. గడ్డి మొలిస్తే వేరు దిగుతుంది, వేరు వెంట నీరు దిగుతుంది. చౌడు మాత్రం తడవగానే పైపొర బిగిసిపోయి నీటిని వీధిలోకి పోసే దోని వైపు జార్చేస్తుంది. ఏటా వానలకు ముందు బండెడు చౌడు తోలుకుని పరుచుకుంటే ఆ ఇంటికి ఇంకే మరమ్మతూ అక్కర్లేదు. నేను కూడా అలాంటి మిద్దె కిందే పుట్టాను. నడి వేసవిలో మధ్యాహ్నం పూట ఫ్యాను లేకుండా నిద్ర పట్టే ఇళ్లు అవి.

అంటే మేము చూపించదలచుకున్న నమూనా మా కంటే ముందే అక్కడ తయారుగా ఉంది. ఒక బోర్డు పెట్టి, టీ తాగి వచ్చేస్తే సరిపోయేది. కానీ ఉన్నదాన్ని ఉన్నట్టు వదిలేస్తే పని జరిగినట్టు ఎలా తెలుస్తుంది?

విజయవాడ నుంచి ఒక సలహాదారును పంపారు. కుర్రవాడే. భుజాన జనపనార సంచీ, చేతిలో రాగి సీసా. ఇల్లంతా తిరిగి ఫోటోలు తీసుకుని, గవాక్షిని సహజ సౌరదీపం అని, వాకిట్లో అరుగును సామాజిక సమావేశ వేదిక అని రాసుకున్నాడు. గోడ మందాన్ని చూసి ఉష్ణ కవచం అన్నాడు. ఇంటావిడ అదంతా వింటూ సూది ఆపి నన్ను చూసింది.

"మా ఇంట్లో ఇన్ని సామాన్లు ఉండాయని ఇంతవరకూ మాకే తెల్దే మేడమ్మా!"

అక్కడితో ఆగినా బాగుండేది. ప్రాజెక్టులో 'జీవించే కప్పు' అని ఒక అంశం ఉంది. మిద్దె మీది చౌడు తీసేసి, ఎర్రమట్టి, వానపాముల ఎరువు కలిపి పరిచి, నర్సరీ నుంచి పచ్చిక తెచ్చి పెంచాలి. నేను పెద్దసారుకు ఫోను చేశాను.

"సార్, మిద్దె మీద గడ్డి మొలవకూడదనే చౌడు వేస్తారు. మనం ఆ చౌడు తీసి గడ్డి పెంచుతామంటున్నాం."

"మీరు నెగటివ్‌గా ఆలోచిస్తున్నారు మేడమ్."

అదే మాట రాసి పంపాను. చూశాను అన్న సంతకంతో తిరిగి వచ్చింది. కనీసం అడుగున ఒక ప్లాస్టిక్ షీటైనా పరుద్దామన్నాను. 'ప్లాస్టిక్ రహిత గృహం' అన్నది ప్రాజెక్టులో ఇంకో అంశం కాబట్టి కుదరదన్నారు. ఆ అంశాన్ని పెద్దపెద్ద అక్షరాలతో అచ్చు వేయించిన ఫ్లెక్సీ అప్పటికే ఇంటి ముందు రెండు గుంజలకు కట్టి ఉంది.

సలహాదారు తెలియక చేస్తున్నాడేమోనని పక్కకు పిలిచి చౌడు సంగతి చెప్పబోయాను. అతను మధ్యలోనే ఆపాడు. అంతసేపూ పుస్తకంలా మాట్లాడినవాడు ఒక్కసారిగా మా వైపు మనిషైపోయాడు.

"తెలుసు మేడమ్. ప్రొద్దుటూరు కాడ మా తాతోళ్ల మిద్దె గూడా చౌడుదే. ఎండాకాలం సెలవులంతా ఆడే పండుకునేటోణ్ణి."

"మరి తెలిసి తెలిసి ఇదేంది నాయనా?"

"చౌడు ఫోటోలో బూడిద మాదిరి పడతాది మేడమ్. ప్రకృతి అంటే పచ్చగా ఉండాలంటారు పైనోళ్లు."

ఈ దేశంలో తప్పులన్నీ తెలియక జరుగుతాయని మీకు కాలేజీలో చెప్పి ఉంటారు. ఆ మిద్దె విషయంలో తెలియనివాళ్లు ఒక్కరూ లేరు. ఊరందరికీ తెలుసు, నాకు తెలుసు, అతనికి తెలుసు, నంద్యాల దగ్గర పల్లెలో పుట్టిన మా పెద్దసారుకీ తెలుసు. ప్రాజెక్టుకు మాత్రమే తెలియదు. ప్రాజెక్టుదే నడిచింది.

ఇంటాయన ఒక్కటే అడిగాడు. "గవర్నమెంటోళ్లు ఊరికే చేసిస్తామంటే వద్దనేది యాల మేడమ్? వానలొస్తే దూది తడవకుంటే సాలు. మిగతాదంతా మీ ఇష్టం."

ఆవిడ లోపల్నుంచే అంది. "చేసేటోళ్లు చేసి పోతారు. కారినప్పుడు కింద ఉండేది మనమే కదా."

"తడవనివ్వనులే అన్నా," అన్నాను. నా సర్వీసులో నేను ఇచ్చిన మాటలు తక్కువ. ఇచ్చినందుకు ఇరుక్కున్నది మాత్రం ఇదొక్కటే.

చౌడు తవ్వి ఊరి బయట పారబోయించాం. దానికి మేము రాసుకున్న పేరు నిర్మాణ వ్యర్థం. పచ్చిక పరిచాం. రెండు వారాల్లో మిద్దె పచ్చగా నవనవలాడింది. ఆ ఎండల్లో ఆలూరు చుట్టుపక్కల కంటికి పచ్చగా కనపడే చోటు అదొక్కటే అయింది. మనుషులు ఎవరూ ముచ్చటపడలేదు. మేకలు పడ్డాయి.

ఆ ఊళ్లో మిద్దెలన్నీ ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. ఒక మిద్దె ఎక్కితే వీధి చివరిదాకా పైపైనే నడిచిపోవచ్చు. పక్కింటి పెద్దాయన మేకలు అలాగే వచ్చాయి. నేను ఆయన్ని పిలిచి గట్టిగా మాట్లాడాను.

"నా మేకలకు సదువు రాదమ్మా," అన్నాడాయన. "యాడ పచ్చగుంటే ఆడికి పోతాయి. మీరే కదా మేత పెంచినారు?"

దాంతో మా వర్క్ ఇన్‌స్పెక్టర్‌ను మిద్దె మీద కూర్చోబెట్టమని కర్నూలు నుంచి ఆదేశం వచ్చింది. భారీ మనిషి, ఇంకా భారీగా నిట్టూర్చేవాడు. డిప్లొమా చదివి, వంతెనలకు సెంట్రింగు చూసిన మనిషి. పొద్దున వచ్చి నిచ్చెన ఎక్కి, గొడుగు వేసుకుని, కర్ర పట్టుకుని కూర్చునేవాడు. "మేడమ్, ఇంట్లో అడిగితే జీవించే కప్పు పర్యవేక్షణ అని చెప్పినాను. మేకలు కాస్తాండానని చెప్పొద్దండి," అని నన్ను బతిమాలుకున్నాడు. అతని బరువు కూడా ఆ దూలాల మీదే పడుతోందని చెబితే బాధపడతాడని ఊరుకున్నాను.

ప్రారంభోత్సవం వాయిదా పడింది. మళ్లీ పడింది. ఈలోగా పచ్చిక ఎండలకు పసుపు తిరిగింది. పెద్దమనిషి వచ్చేటప్పటికి పచ్చగా ఉండాలి, ఏం చేస్తారో మాకు తెలియదన్నారు కర్నూలు నుంచి. ఏం చేశారో చెబుతాను. ఆ ఊరికి తాగే నీళ్లు తెచ్చే ట్యాంకరును ఆ నమూనా ఇంటి ముందు ఆపించారు. పైపు మిద్దె మీదికి ఎక్కించి మోటారు వేశారు.

బిందెలు పట్టుకుని ఆడవాళ్లు అప్పటికే వరుసలో ఉన్నారు. పైన నీళ్లు చల్లుతున్న చప్పుడు వింటూ నిలబడ్డారు. ఒకామె మాత్రం బిందె చంకన మార్చుకుంటూ వెనక్కి తిరిగి చెప్పింది.

"జరగండప్పా. కసువుకు దప్పికైతాందంట, ముందు అది తాగనీండి."

నాకు సిగ్గేసింది. ఎంత సిగ్గేసిందంటే ఆ పూట అక్కడ నీళ్లు అడగలేక బస్సెక్కేదాకా దాహంతోనే ఉన్నాను. ట్యాంకరు మళ్లీ మళ్లీ వచ్చింది. ఆపమని నేను ప్రతిసారీ ఫోను చేశాను. నీటి సంరక్షణ మీద సమావేశంలో ఉన్నానని పెద్దసారు ప్రతిసారీ ఫోను పెట్టేశారు.

వాన చినుకు పడకముందే ఆ ఇల్లు కారడం మొదలైంది. మొదట ఒక దూది మూట తడిసింది. ఇంటాయన మిగతా మూటలన్నీ కారని మూలకు నెట్టి, వాటి పక్కనే గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆవిడ ఇంట్లో ఉన్న బిందెలు, గిన్నెలు తెచ్చి కారిన చోటల్లా పెట్టింది. వాటిలో పడేది టీ రంగు నీళ్లు. ఎరువు గుండా దిగొచ్చిన ఆ నీళ్లను ఎనుములు కూడా వాసన చూసి వదిలేశాయి.

ఆఖరికి పెద్దమనిషి వచ్చారు. ఆ ఇరుకు వీధిలోకి ఎన్ని కార్లు పట్టవో అన్ని కార్లూ వచ్చాయి. షామియానా కింద, మనిషి ప్రకృతిని దోచుకోవడం మానాలని చక్కగా మాట్లాడారు. మినరల్ వాటర్ సీసాలు పంచారు. తర్వాత ఇల్లు చూడ్డానికి లోపలికి వచ్చారు.

నేల మీద బిందెలు. పైనుంచి చుక్కలు. టప్పు టప్పుమని ఆగకుండా.

"ఇదేమిటి?" అన్నారాయన.

మా పెద్దసారు అంత పైకి ఎలా వచ్చారో నాకు ఆ క్షణంలో అర్థమైంది. "కప్పు మీది వాన నీటి సంరక్షణ సార్," అన్నారు.

"వాన పడలేదుగా?"

"పడబోతోంది సార్."

"మంచి ముందుచూపు," అన్నారు పెద్దమనిషి.

ఇంటావిడ తట్టుకోలేకపోయింది. "సామీ, ఇది వాన కాదు. మా ఊరోళ్లు తాగే నీళ్లు. మా దూది..."

"ఆనందంలో మాటలు రావడం లేదు సార్ ఆమెకు," అన్నారు మా పెద్దసారు.

సరిగ్గా అప్పుడే గవాక్షిలో ఒక మేక తల పెట్టి కిందికి చూసింది. వర్క్ ఇన్‌స్పెక్టర్ దండ వేయడానికి కిందికి దిగి ఉన్నాడు మరి. మేక గడ్డి నములుతూ అందరినీ ఒకసారి కలియజూసి మే అంది. పెద్దమనిషి మురిసిపోయారు. కెమెరాలన్నీ పైకి లేచాయి. ఆ సందడిలో దూలం పటుక్కుమన్న చప్పుడు ఆవిడకూ నాకూ మాత్రమే వినిపించినట్టుంది. చారెడు తడి మట్టి రాలి పెద్దమనిషి శాలువా మీద పడింది. మట్టి వాసన ఎంత బాగుందో అంటూ దులుపుకుని వెళ్లిపోయారు.

కార్లు కదిలాక దూలాన్ని చేత్తో తడిమి చూశాను. పొడవునా చీలింది. పైన నీళ్లు తాగి ఉబ్బిన మట్టి. బయటికొచ్చి చూస్తే పడమటి వైపు మబ్బు నల్లగా కమ్ముకుంటోంది. కారులో ఉన్న పెద్దసారుకు ఫోను చేశాను.

"మూల్యాంకన బృందం వచ్చేదాకా ఒక్క గడ్డిపరక కదలకూడదు మేడమ్."

"దూలం చీలింది సార్. వాన పడితే కూలుతుంది. లోపల మనుషులున్నారు."

"వేరే చోట పండుకోమనండి."

"దూది ఉంది సార్."

"ఏం దూది?"

ఏం దూది అన్నాడాయన. అన్ని నెలలు ఆ ఇంటి మీద ఉత్తరాలు నడిపి, ఫోటోలు దిగి, ఆ గదిలోనే నిలబడి, ఏం దూది అన్నాడు. రిటైర్మెంటు ముందు గొడవలు పెట్టుకోకూడదని మా ఆయన ఆరు నెలలుగా నూరిపోసిన బుద్ధులన్నీ ఆ ఒక్క మాటతో గాలికి పోయాయి.

"ఆ గొడుగు మూసి పార తీసుకురాప్పా," అన్నాను వర్క్ ఇన్‌స్పెక్టర్‌తో.

"ఆర్డరు మేడమ్?"

"నోటితో ఇస్తున్నా. రాసిచ్చేది వాన ఆగినాక."

అతను నవ్వడం నేను చూసింది అదే మొదలు. ముందు లోపల దూలానికి షామియానా గుంజ ఒకటి నిలబెట్టి ఊతం ఇచ్చాం. మూటలన్నీ పక్కింటికి చేర్చే వీల్లేదు, ఆ ఇల్లూ ఇరుకే. ఇంటాయన, పక్కింటి మేకల పెద్దాయన, వీధిలో మగవాళ్లు మిద్దె ఎక్కారు. కార్లలో చోటు చాలక వెనకబడ్డ సలహాదారు కాసేపు అరుగు మీద, అదే, సామాజిక సమావేశ వేదిక మీద కూర్చుని చూశాడు. తర్వాత సంచీ పక్కన పెట్టి, చెప్పులు విడిచి నిచ్చెన ఎక్కాడు. గంప అందుకున్న తీరు చూస్తే తాతోళ్ల మిద్దె మీద పడుకోవడమే కాదు, పని కూడా చేసినట్టే ఉంది.

పచ్చిక వీధిలో పడుతుంటే మేకలు పండగ చేసుకున్నాయి. బిందెల వరుసలో మాట విసిరిన ఆమె పలకరించకుండానే వచ్చి ఆడవాళ్లతో కలిసి కింద మట్టి ఎత్తింది. ఎవరిదో ట్రాక్టరు పోయి ఊరి బయట మేము పారబోసిన నిర్మాణ వ్యర్థాన్ని తిరిగి తెచ్చింది. ఆ చౌడే మళ్లీ మిద్దె ఎక్కింది.

ఇంకా ఒక మూల మిగిలుండగానే చినుకులు మొదలయ్యాయి. కింద దూది మూటలున్నది ఆ మూలే. ఇంటాయన పైనుంచి నా వైపు చూశాడు. అడగలేదు, చూశాడు. సలహాదారు ఒక్క దూకు దూకి, గుంజలకున్న ఫ్లెక్సీ తాళ్లు కోసేసి దాన్ని లాక్కొచ్చాడు. నలుగురు నాలుగు కొసలు పట్టుకుని ఆ మూల మీద పరిచి రాళ్లు పెట్టారు. 'ప్లాస్టిక్ రహిత గృహం' అన్న అక్షరాలు ఆకాశం వైపు తిరిగి వానలో మెరిశాయి. ఆ ప్రాజెక్టు మొత్తంలో ఆ ఇంటికి అక్కరకొచ్చిన వస్తువు అదొక్కటే.

మంచి వాన. అందరం ముందు గదిలో ఇరుక్కుని నిలబడి పైకి చూస్తూ ఉన్నాం. దోని నుంచి వీధిలోకి నీళ్లు దూకుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఇంటాయన ఒక్కో మూటలో మోచేతి దాకా చేయి పెట్టి చూశాడు.

"పొడిగానే ఉండాది మేడమ్," అన్నాడు.

ఆవిడ బిందెలన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి మూలకు చేర్చి పొయ్యి వెలిగించింది. ఆ టీ లాంటి టీ నేను మళ్లీ తాగలేదు. ఏడుపొచ్చింది కూడా, పొగ మీదికి నెట్టేశాను.

తర్వాతిదంతా మామూలే. నాకు మెమో వచ్చింది. మూల్యాంకన బృందం వచ్చింది. మిద్దె మీద బూడిదరంగు చౌడు తప్ప వాళ్లకు ఏమీ కనపడలేదు.

"పచ్చిక ఏదమ్మా?" అన్నారు.

"మేకలు తినేసినాయి సామీ," అంది ఇంటావిడ.

"మేకలేవి?"

"అవి బక్రీదుకు పోయినాయి."

బృందం చాలాసేపు తర్జనభర్జన పడి, ఆ ఇంట్లో ఆహార గొలుసు సంపూర్ణంగా ఉందని రాసింది. నేను వెటకారం ఆడుతున్నానని మీరు అనుకుంటారు. ఆ వాక్యం నాకు చేతనైతే నేను రచయితనే అయ్యేదాన్ని. గవాక్షిలో మేక తల ఉన్న ఫోటోకు అవార్డు వచ్చింది. మా పెద్దసారు వెళ్లి అందుకుని వచ్చారు. ఇప్పుడు కాలేజీల్లో ఉపన్యాసాలిస్తున్నారట, మీలో కొందరు వినే ఉంటారు. సలహాదారు ఆ ఉద్యోగం మానేసి కడప వైపు ఎక్కడో మిద్దెలు బాగుచేయిస్తున్నాడని విన్నాను. మెమోకు నేనిచ్చిన జవాబు మీద ఇంకా విచారణ నడుస్తూనే ఉందో, దాన్ని కూడా మేకలు తిన్నాయో నాకు తెలియదు. పెన్షను మాత్రం వస్తోంది.

నేను రిటైరైన రోజు ఆ దంపతులు ఆలూరు ఆఫీసుకు వచ్చారు. కుర్చీలో వేసుకునే మెత్త ఒకటి తెచ్చారు. ట్యాంకరు నీళ్లకు తడిసిన ఆ మొదటి మూట దూదితో కుట్టింది. ఎండబెట్టి, విడదీసి, మళ్లీ ఏకి ఎంత తిప్పలు పడినా అది ఉండలు కట్టే ఉండిపోయిందట.

"గవర్నమెంటు తడిపిన దూది మేడమ్," అన్నాడాయన మొహమాటంగా. "వేరేవాళ్లకు అమ్మేకి మనసొప్పలేదు."

"తడవనివ్వనని చెప్పినానన్నా," అన్నాను.

"ఒక్క మూటే కదమ్మా," అంది ఆవిడ. "మిగతాదంతా అమ్ముకున్యాం. మా మిద్దె కింద ఇప్పుడు మేము సల్లగా పండుకుంటాండాం."

ఆ మెత్త కర్నూలులో మా ఇంటి హాల్లో, వచ్చినవాళ్లు కూర్చునే కుర్చీలో ఉంది. మీరూ రండి ఒకసారి. ప్రకృతితో సామరస్యం గురించి మీకు తెలిసిందంతా తీరిగ్గా చెప్పండి, వింటాను. కాకపోతే కూర్చోబెట్టేది ఆ కుర్చీలోనే. కాసేపటికి ఉండలు గుచ్చుకుని అటూ ఇటూ కదులుతారు. ఏం దూది మేడమ్ ఇది అని అడుగుతారు. గుచ్చుకున్నాకైనా అలా అడిగిన వాళ్లకు నేను టీ పెట్టి ఇస్తాను.